పేరంటాలి చెయ్యి

"యాడికి మేడం?" కండక్టరు అడిగాడు.

ప్రొద్దుటూరు బస్టాండులో జమ్మలమడుగు బస్సెక్కి కూర్చున్నాం ముగ్గురం. చేతుల్లో ఆధార్ కార్డులు, ఒళ్ళో నీళ్ళ సీసాలు, పెరుగన్నం డబ్బాలు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో ఛార్జీ లేదు కదా. డబ్బులివ్వకపోయినా జీరో టికెట్టు కొట్టాలంటే ఊరి పేరు చెప్పాలి.

"జమ్మలమడుగు ఇయ్యి నాయనా. ఆడ్నుంచి గండికోటకి పోవాల" అంది మా హిస్టరీ మేడం.

"గుడికా?"

"కాదు. రాళ్ళు చూసేదానికి."

వెనక సీట్లోంచి ఒక మగ గొంతు నవ్వింది. "బస్సు ఊరికే గదా! రాళ్ళూ చూస్తారు, రప్పలూ చూస్తారు."

మా చెల్లెలు వెనక్కి తిరిగి ఏదో అనబోయింది. నేనే దాని చెయ్యి నొక్కాను. ముప్పై ఒక్క ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన దాన్ని, నా చెవి ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఊరికే. డబ్బు తీసుకోకుండా ఇచ్చేదీ ఊరికే. పనేమీ లేకుండా చేసేదీ ఊరికే. మొదటి ఊరికేని ప్రభుత్వం ఇచ్చింది. రెండో ఊరికే మనకి ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు. ఆడది ఇల్లు దాటాలంటే పెళ్ళి ఉండాలి, చావుండాలి, ఆస్పత్రి ఉండాలి, ఉద్యోగముండాలి. ఇవేవీ లేకపోతే గుడి ఉండాలి.

నేను మాత్రం తక్కువ దాన్నా? ముందురోజు రాత్రి బెంగుళూరు నుంచి మా అబ్బాయి ఫోన్ చేస్తే "రేపు గుడికి పోతున్నాం నాయనా" అని చెప్పే వచ్చాను. "మంచిదమ్మా, మనసుకి బాగుంటుంది" అన్నాడు వాడు. 2023లో వాళ్ళ నాన్న పోయిన దగ్గర్నుంచి నా మనసుకి ఏది బాగుంటుందో వాడే చెబుతున్నాడు. ప్రేమతోనే చెబుతున్నాడు. అదే కష్టం.

ఈ తిరుగుడు ఎలా మొదలైందో చెప్పాలి. మా ఊళ్ళో ఆర్ట్ గ్యాలరీ లేదు. ప్రొద్దుటూరంటే బంగారు అంగళ్ళు, పత్తి వ్యాపారం, దసరా. బొమ్మలు చూడాలంటే హైదరాబాదో మద్రాసో పోవాలనుకునేదాన్ని. ఒకరోజు హిస్టరీ మేడమే అంది, "మనం గ్యాలరీలోనే బతుకుతున్నాం మేడం, పైకప్పు లేదంతే" అని. ఆమె పెళ్ళి చేసుకోలేదు. రిటైరైనాక కూడా మేం ఒకరినొకరం మేడం అనే పిలుచుకుంటాం, అలవాటు పోలేదు. మా చెల్లెలు బ్యాంకు ఉద్యోగం నుంచి ముందుగా తప్పుకుంది. ముగ్గురం కలిసి నియమాలు పెట్టుకున్నాం. పొద్దున పోయి చీకటి పడేలోపు రావాలి. రాయి చూడాలి, మొక్కకూడదు. రాతిలో ఆడవాళ్ళెక్కడున్నారో వెతకాలి. ఆ మూడో నియమం హిస్టరీ మేడంది. నవ్వుతూ ఒప్పుకున్నాను కానీ, అది నన్ను ఎక్కడికి తీసుకుపోతుందో అప్పుడు తెలీదు.

జమ్మలమడుగు నా పుట్టినూరు. అక్కణ్ణుంచి గండికోట పదిహేను కిలోమీటర్లు. చిన్నప్పుడు మా అన్నలు స్నేహితులతో సైకిళ్ళేసుకుని పోయి కోటగోడలెక్కి వచ్చేవాళ్ళు. మేం అడిగితే "ఆడపిల్లలకి ఆ లోయ దగ్గర ఏం పని" అనేది మా జేజి. అరవై దాటాక చూశాను నా పుట్టింటి పక్కనున్న కోటని. ఎర్రమల కొండల్ని చీల్చుకుంటూ పెన్న పారే ఆ లోయ అంచున నిలబడితే ముందు కోపం వచ్చింది. ఇంత పెద్దదాన్ని నాకు ఇన్నేళ్ళు కనపడకుండా దాచారు కదా అని.

పెమ్మసాని నాయకుల కాలంలో పెరిగిన కోట అది. 1650లో మీర్ జుమ్లా పట్టుకున్నాడు. రెండేళ్ళకి, 1652లో, ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే అతన్ని కలవడానికి ఇక్కడికొచ్చి తన యాత్రాగ్రంథంలో రాసుకున్నాడు. ధాన్యాగారం ఉంది, జామియా మసీదు ఉంది, రంగనాథ, మాధవరాయ ఆలయాలున్నాయి. మాధవరాయ గుడి స్తంభాల చుట్టూ తిరుగుతూ హిస్టరీ మేడం నోటు పుస్తకంలో లెక్క రాసుకుంటోంది. దేవుళ్ళు, రాజులు, యోధులు, జంతువులు, ఆడవాళ్ళు. ఆడవాళ్ళ గడిలో నాట్యకత్తెలే ఎక్కువ. నడుము వంచి, చెయ్యి ఎత్తి, మెడ తిప్పి. బరువు మోసే స్త్రీ, చదివే స్త్రీ, ముసలి స్త్రీ మాకు దొరకలేదు.

ఆ గుడిలో మూలవిరాట్టు లేదు. గర్భగుడి ఖాళీ. మా చెల్లెలు లోపలికి పోయి "అక్కా, రా, చల్లగా ఉంది" అని పిలిచింది. గడప దగ్గర నా కాలు ఆగింది. నన్నెవరూ ఆపలేదు. పూజారి లేడు, పూజ లేదు, దేవుడే లేడు. అయినా ఆగింది. రెండేళ్ళలో నా కాలు నేర్చుకున్న పాఠం అది. ఎక్కడ నిలబడాలో, ఎక్కడ పక్కకి జరగాలో, ఎవరూ చెప్పకముందే దానికే తెలిసిపోతోంది. తర్వాత గడప దాటాను. ఆ ఖాళీ రాతిగదిలో నిలబడి చాలాసేపు గబ్బిలాల చప్పుడు విన్నాను.

రెండో వారం జమ్మలమడుగు దగ్గరే, పెన్న ఒడ్డున ఉన్న దానవులపాడు వెళ్ళాం. ఒకప్పుడు పెద్ద జైన క్షేత్రం. ఇసుకలో పూడిపోయి ఉంటే 20వ శతాబ్దం మొదటి దశకంలో పురావస్తు శాఖ తరఫున అలెగ్జాండర్ రే తవ్వించాడు. రాష్ట్రకూట రాజు మూడో ఇంద్రుడు పదో శతాబ్దంలో శాంతినాథుడికి చేయించిన స్నానపీఠం ఇక్కడ దొరికిందే. ఇప్పుడది చెన్నై ఎగ్మూర్ మ్యూజియంలో ఉంది. శ్రీవిజయుడనే దండనాయకుడు యుద్ధాలన్నీ ముగించుకుని, సన్యసించి, ఉపవాసంతో ప్రాణం విడిచాడని చెప్పే శాసన స్తంభం కూడా ఇక్కడిదే. 'నిసిధి' అంటారు అలాంటి స్మారకాన్ని.

"చూశారా, తనంతట తాను చావుని ఎంచుకున్న మగవాడికి పేరుంది, పదవుంది, గెలిచిన యుద్ధాల పట్టీ ఉంది" అంది హిస్టరీ మేడం, ఏటి ఇసుక చెప్పుల్లోంచి దులుపుకుంటూ. ఆ మాట ఎందుకంటోందో నాకప్పుడు అర్థం కాలేదు.

మూడో ప్రయాణం కడపకి. మా జిల్లాలో పైకప్పున్న గ్యాలరీ అంటే భగవాన్ మహావీర్ మ్యూజియమే. 1982లో పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళలో దొరికిన విగ్రహాలున్నాయి. అక్కణ్ణుంచి పుష్పగిరి పోయి, పెన్న అవతలి గట్టు మీది చెన్నకేశవాలయం గోడల్ని చేతులు వెనక్కి కట్టుకుని, నిజంగా గ్యాలరీలో నడిచినట్టు, ఒక్కో పలకా చూసుకుంటూ నడిచాం. ఏనుగులు, గుర్రాలు, నర్తకులు. ఏ మ్యూజియంలోనైనా, ఏ గుడిలోనైనా ఒకటి గమనించాను. విగ్రహం మగవాడిదైతే ఎవరని అడుగుతాం. ఆడదైతే ఎంత బాగుందని అంటాం. నేనూ అలాగే అన్నాను ఇన్నేళ్ళూ. క్లాసులో శిల్పసౌందర్యం మీద ఎన్ని వ్యాసాలు రాయించానో!

క్లాసంటే గుర్తొచ్చింది, కలమళ్ళ. క్రీ.శ. 575 నాటిదని చెప్పే ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం, మనకి దొరికిన తొలి తెలుగు శాసనం, అక్కడిది. తెలుగుకి 2008లో ప్రాచీన హోదా వచ్చినప్పుడు మేమంతా కాలేజీలో మిఠాయిలు పంచుకున్నాం. రేనాటి చోళుల గురించి ముప్పై ఒక్క ఏళ్ళు నోట్సు చెప్పాను. ఆ ఊరు ప్రొద్దుటూరికి ఎంత దూరమనుకున్నారు? ఎర్రగుంట్ల మీదుగా గంట ప్రయాణం. ఒక్కసారైనా పోలేదు. ఎందుకు పోలేదని చెల్లెలు అడిగితే నోటికి వచ్చిన జవాబు "పనేం పడలేదు" అని. నా భాష తొలి వాక్యం చూడ్డం నాకు పనిగా తోచలేదన్నమాట.

నాలుగో వారం పోయాం. థర్మల్ కేంద్రం పొగగొట్టాలు దూరం నుంచి కనబడుతుంటే ఆ చెన్నకేశవాలయం ప్రాంగణంలో నిలబడ్డాను. వేపచెట్టు కింద ఒక పెద్దావిడ చింతపండు గింజలు తీస్తోంది. "పూజ పొద్దున్నే అయిపాయ" అంది. పూజకి రాలేదన్నాను. "మరేం పనిమీద వచ్చినారు?" అంది. మళ్ళీ అదే ప్రశ్న! "మన తెలుగు ఇక్కడే మొదట రాసినారంట పెద్దమ్మా, చూసి పోదామని" అన్నాను. ఆమె చెయ్యి ఆపకుండా "అట్లనా? నాకు రాయను రాదులే" అంది. పధ్నాలుగు వందల ఏళ్ళు దాటిన రాత పక్కన జీవితమంతా గడిపిన మనిషి!

ఆ దారి పొడుగునా నాపరాళ్ళ పాలిషింగ్ ఫ్యాక్టరీలు. కడప బండలని దేశమంతా ఇళ్ళల్లో పరుచుకునేది ఈ నల్లరాయే. ఒక షెడ్డు దగ్గర మంచినీళ్ళకని ఆగాం. నలుగురైదుగురు ఆడవాళ్ళు తడి బండల్ని ఎత్తి నిలబెడుతున్నారు. రాతిపిండి నీళ్ళు మోచేతుల దాకా తెల్లగా అట్టకట్టి ఉన్నాయి. దూరం నుంచి చూస్తే రాతి చేతుల్లా ఉన్నాయి. హిస్టరీ మేడం నోటు పుస్తకం తీసి, ఖాళీగా ఉన్న గడిలో ఏదో రాసుకుంది. నేను అడగలేదు.

ఆళ్ళగడ్డ పోదామన్నది మా చెల్లెలు. ఇప్పుడది నంద్యాల జిల్లాలో ఉంది కానీ ప్రొద్దుటూరి నుంచి చాగలమర్రి మీదుగా దగ్గరే. ఆళ్ళగడ్డ శిల్పాలకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రోడ్డు పక్కనే షెడ్లు, షెడ్ల ముందు దేవుళ్ళు, నాయకులు, బుద్ధులు, నందులు, సగం మొహం వచ్చిన అమ్మవార్లు. ఉలి చప్పుడు, కటింగ్ మిషను రొద. తెల్లటి దుమ్ము. చెక్కేవాళ్ళందరూ మగవాళ్ళే కనబడ్డారు. ఒక షెడ్డు చివర మాత్రం ఒకమ్మాయి, ముప్పై ఏళ్ళుంటాయేమో, ఎమెరీ కాగితంతో లక్ష్మీదేవి వేళ్ళ సందుల్లో రుద్దుతోంది.

"నువ్వు చెక్కుతావా అమ్మా?" అని అడిగాను.

"లేదు మేడం. ఆయప్ప చెక్కుతాడు. మేం నున్నగ చేస్తాం."

"నేర్చుకోలేదా?"

ఆమె నావైపు చూసి నవ్వింది. "పొద్దస్తమానం చూస్తాంటా గదా, చెక్కేకి వస్తాది. చెక్కమని ఎవురూ అడగల్యా." తర్వాత లక్ష్మీదేవి చిటికెనవేలు చూపించి, గొంతు తగ్గించి, "ఇది ఇరిగిపోతే నేనే సరిజేసినా" అంది.

ఆ చిటికెనవేలుని ఫోటో తీసుకున్నాను. నా ఫోనులో ఇప్పుడు వందకి పైగా శిల్పాల ఫోటోలున్నాయి. ఎవరు చేశారో నాకు తెలిసిన ముక్క అదొక్కటే.

ఇక పులివెందుల సంగతి. అది రాయాలా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను. మా అత్తగారి ఊరు పులివెందుల దగ్గర ఒక చిన్న పల్లె. ఊరి బయట మా చేను, చేని గట్టున ఒక వేపచెట్టు, దాని కింద ఒక రాయి. పేరంటాలమ్మ. మా ఇంటి దేవర. పెళ్ళయిన కొత్తలో మా అత్త నన్ను మొదట తీసుకుపోయింది అక్కడికే. కొత్త చీర రాయికి చుట్టి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, "ఆయమ్మ మన ఇంటి కోడలే. ఎప్పుడో పాతకాలంలో జ్యోతిలో కలిసిపోయింది. మొక్కుకో, ముత్తైదువుగా ఉంటావు" అంది. ఏటా సంక్రాంతికి నేనే పూసేదాన్ని పసుపు. ముప్పై ఏళ్ళకి పైగా పూశాను. మా అత్త పోయాక పెద్దకోడలిగా పళ్ళెం నా చేతికే వచ్చింది.

మా ఆయన పోయిన మొదటి సంక్రాంతికి ఊరికి పోయాను. మా ఇంట్లో అందరూ చదువుకున్నవాళ్ళు. నా గాజులు ఎవరూ పగలగొట్టలేదు. తీసి పెట్టమన్నారంతే. చేని దగ్గరికి అందరం బయల్దేరాం. మా తోడికోడలు పళ్ళెం తను తీసుకుని "అక్కా, ఎండగా ఉంది, నువ్వు ఆ నీడన కూచో" అంది. ఎంత మెత్తగా అందంటే, నేను వెళ్ళి కూర్చున్నాక గాని నన్ను పక్కన పెట్టారని నాకే తెలీలేదు. ముప్పై అడుగుల దూరం నుంచి చూశాను, నేను కాక వేరే చెయ్యి పసుపు పూయడం. తర్వాతి సంక్రాంతికి నేను పోలేదు. కాలు నొప్పి అన్నాను.

ఈసారి మా ముగ్గురి పర్యటనలో పులివెందుల వంతు వచ్చింది. వీరగల్లులు చూడాలని హిస్టరీ మేడం పట్టు. మా సీమంతా వీరగల్లులే కదా, పశువుల కోసం, పొలిమేర కోసం చచ్చిపోయినవాళ్ళ రాళ్ళు. పులివెందులలో బస్సు దిగి ఆటో మాట్లాడుకున్నాం. దారి మా చేను మీదుగానే. ఆటో ఆపమని ఎందుకన్నానో నాకే తెలీదు.

రాయి దగ్గరికి నేను పోలేదు. గట్టు మీదే నిలబడ్డాను. హిస్టరీ మేడం వంగి, కళ్ళజోడు పైకి నెట్టుకుని, చాలాసేపు చూసింది. "ఇటు రండి మేడం" అంది.

"మీరు చూడండి."

"మీరే చూడాల. రండి."

వెళ్ళాను. ఏళ్ళ తరబడి పూసిన పసుపు, నూనె, కుంకుమ గట్టిపడి రాయి ఆకారమే తెలీకుండా ఉంది. పైన గుండ్రంగా ఒకటి, వంకర్లు తిరిగి ఒకటి. "సూర్యుడు, చంద్రుడు. అవున్నన్నాళ్ళూ ఈ పేరు ఉంటుందని అర్థం" అంది మేడం. "ఈ గుంజ లాంటిదాన్ని చూడండి. దాన్లోంచి బయటికొచ్చి పైకి మడిచిన చెయ్యి. వేళ్ళ మధ్య నిమ్మకాయ. మోచేతి దాకా గాజులు. ఇది సతిరాయి మేడం. మొగుడు పోయినా ఈ గాజులు పగల్లేదని చెప్పేదానికే ఆ చెయ్యి."

నాకు తెలియని విషయం కాదు. పేరంటాలు అంటే పేరంటానికి పిలవదగిన స్త్రీ అనీ, సహగమనం చేసిన స్త్రీ అనీ రెండర్థాలున్నాయని నేను పిల్లలకి చెప్పినదాన్నే. రెండర్థాలూ బోర్డు మీద పక్కపక్కనే రాశాను. ఆ రెంటి మధ్య ఏముందో మాత్రం ఏనాడూ ఆలోచించలేదు. మొగుడితో కాలిపోయిన స్త్రీకి పేరంటాలని పేరు. కాలకుండా మిగిలినదానికి పేరంటం లేదు.

బెంగాలులో 1829లో, మన మద్రాసు ప్రెసిడెన్సీలో 1830లో సతిని నిషేధించారని చదువుకున్నాం. రాజస్థాన్‌లోని దేవరాలలో 1987 సెప్టెంబరులో రూప్ కన్వర్‌ని చితి మీద చూసిన దేశం, సతిని కీర్తించడం కూడా నేరమని అదే ఏడాది చట్టం చేసింది. అప్పుడు మేం కాలేజీలో ఖండన సమావేశం పెట్టుకున్నాం. నేను మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత వచ్చిన సంక్రాంతికి ఊరికి పోయి ఈ చేతికి పసుపు పూశాను. రెంటికీ సంబంధం ఉందని నాకు తోచనేలేదు. దేవరాల ఎక్కడో రాజస్థాన్‌లో ఉంది కదా!

మమ్మల్ని చేనులోంచి ఎవరో చూసి చెప్పినట్టున్నారు, మా తోడికోడలు చెంబుతో నీళ్ళు పట్టుకుని గబగబా వచ్చింది. "ఏమక్కా, ఇల్లు దాటి పోతావా? ఒక మాట చెప్పొద్దా?" అంటూనే నేనెక్కడ నిలబడ్డానో చూసింది. మాట ఆగింది. రాయికీ నాకూ మధ్య జానెడు దూరం లేదు.

హిస్టరీ మేడం ఏమీ ఎరగనట్టు చేతి సంగతి, గాజుల సంగతి మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. మా తోడికోడలు పదో తరగతి చదివింది, ఆవుల్ని సాకుతుంది, లెక్కల్లో నాకన్నా గట్టిది. శ్రద్ధగా వింది.

"అంటే... కాల్చినారా?"

"ఆమే దూకిందో, తోసినారో మనకి తెలీదు. కాలింది మాత్రం నిజం."

"మా అత్త కలిసిపోయిందనేది" అంది మెల్లగా. "కలిసిపోయిందంటే నేను... ఏదో వెలుగు మాదిరి పోయిందేమో అనుకున్యా." కాసేపాగి, "ఈయమ్మ పేరేంది?" అని అడిగింది. మాకెవరికీ తెలీదు. మా ఇంటి వంశవృక్షం ఏడు తరాల మగవాళ్ళ పేర్లతో గోడకి వేలాడుతోంది. అందులో ఆమె మొగుడి పేరు ఎక్కడో ఉండే ఉంటుంది.

ఆవిడ రాయి ముందు గొంతుక్కూచుంది. చెంబులో నీళ్ళు కొంచెం కొంచెం పోస్తూ ఆ గట్టిపడ్డ పసుపుని బొటనవేలితో గీకసాగింది. ఇంతింత పెచ్చులుగా ఊడింది. ఎన్నేళ్ళ పసుపో, మా అత్తదీ, ఆమె అత్తదీ, నాదీ. వేళ్ళు కనబడ్డాయి. నిమ్మకాయ కనబడింది. గాజులు ఒక్కోటీ లెక్కపెట్టేట్టు తేలాయి. మొహం ఎక్కడైనా ఉందేమోనని వెతికింది. లేదు. చెయ్యొక్కటే.

మా తోడికోడలు తలెత్తకుండానే అంది, "ఆయప్ప సచ్చినంక ఈయమ్మ బతికింటే, ఈ పళ్ళెం పట్టుకోనిచ్చేవాళ్ళా అక్కా?"

నేను మాట్లాడలేదు.

"నీడన కూచోమని చెప్పింటారు" అంది.

అప్పుడు ఏడుపొచ్చింది నాకు. ఆమెకీ వచ్చింది. ఇద్దరం ఎవరి కొంగుతో వాళ్ళం తుడుచుకున్నాం, ఒకరినొకరం పట్టుకోలేదు. అలా పట్టుకునే అలవాటు మాకు లేదు. మా చెల్లెలు ఆటోవాడికి ఇంకాసేపు ఆగమని చెప్పడానికి పోయింది.

తర్వాత ఇంటికి పోయి తిన్నాం, ఓళిగలు పెట్టింది. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. రాబోయే సంక్రాంతికి పళ్ళెం ఎవరు పడతారో, అసలు పళ్ళెం పట్టాలో వద్దో మేం మాట్లాడుకోలేదు. ఆ రాయిని ఏం చెయ్యాలో నాకు నిజంగా తెలీదు. మొక్కలేను. పీకి పారేయలేను. ఆమె బతికిందనడానికి ఈ భూమ్మీద మిగిలిన సాక్ష్యం అదొక్కటే. హిస్టరీ మేడం అంటుంది, మొక్కడానికీ పారేయడానికీ మధ్య చూడడం అనేది ఒకటుంది కదా అని. గ్యాలరీలు ఉన్నది అందుకే అని. కావచ్చు. మా ఊరి అమ్మవారిశాలలో దసరాకి బంగారు ధగధగల మధ్య కొలువుండే కన్యకాపరమేశ్వరి కూడా, కథ ప్రకారం, ఇష్టం లేని రాజుని కాదని అగ్నిలోకి నడిచిన ఆడపిల్లే. ఇన్నేళ్ళు దణ్ణం పెట్టుకున్నాను. ఆ పిల్ల వయసెంతో ఎప్పుడైనా అనుకున్నానా? ఇప్పుడు అనుకుంటాను. భక్తి తగ్గలేదు, కానీ చూపు మారింది.

పులివెందుల నుంచి తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ముందు సీటు కమ్మీ మీద నా చెయ్యి. మోచేతి దాకా బోసిగా. మడిచి పైకెత్తి చూసుకున్నాను, అచ్చం రాతిలోలాగే. మా చెల్లెలు చూసి "ఏందక్కా, దిగాలా?" అంది.

"లేదులే" అన్నాను.

ఆ రాత్రి మా అబ్బాయి ఫోన్ చేశాడు. మధ్యాహ్నం రెండుసార్లు చేశాడట, నేను ఎత్తలేదు. "యాడికి పోయినావమ్మా?" అన్నాడు. "గుడికా?"

"గుడికి కాదు నాయనా" అన్నాను. "పులివెందుల పక్క రాళ్ళు చూసేదానికి పోయినాం. వచ్చేవారం తాడిపత్రి పోతాం. బుగ్గ రామలింగేశ్వరుడి గోపురాల మీద శిల్పాలు చూడాలంట. మీ పిన్ని కూడా వస్తానంటాంది, ఊర్నుంచి."

"ఏమైనా పనుందా అక్కడ?"

"లేదు. ఊరికే."